ఆగస్టులో మౌంట్ విట్నీకి డే పర్మిట్ వచ్చింది, 62 ఏళ్ళ నాన్న కూడా వస్తానంటున్నారు. తీసుకెళ్ళొచ్చా?

ఒంగోలు_టు_సన్నీవేల్

అందరికీ నమస్తే. ఇక్కడ కాలిఫోర్నియాలోని ఈ విట్నీ శిఖరం ఎక్కినవాళ్ళు చాలామంది ఉన్నారని తెలుసు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ఫిబ్రవరిలో పర్మిట్ లాటరీకి ముగ్గురి పేరు మీద అప్లై చేశాం, నేను, మావారు, మావారి ఫ్రెండ్. మార్చి 15న రిజల్ట్స్ వచ్చాయి, ఆగస్టు మూడో వారంలో ఒక బుధవారానికి డే పర్మిట్, అంటే ఒక్కరోజులో ఎక్కి దిగేసే అనుమతి, దొరికింది. రోజుకి వందమందికే కదా ఇచ్చేది, మావారు వరసగా మూడేళ్ళ నుంచి వేస్తుంటే ఇప్పటికి తగిలింది. ఏప్రిల్ 21 లోపే తలా 15 డాలర్లు కట్టి ఖాయం చేసుకున్నాం. ఈలోగా ఆ ఫ్రెండ్‌కి మోకాలు దెబ్బతింది, రాలేనన్నాడు.

జూన్‌లో అమ్మానాన్న ఒంగోలు నుంచి వచ్చారు. నాన్నకి 62, లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. రోజూ పొద్దున్నే ఆరు కిలోమీటర్లు నడుస్తారు, ఏడాదికి రెండుసార్లు అలిపిరి మెట్లెక్కి తిరుమల వెళ్తారు, పోయినసారి 3,550 మెట్లూ ఎక్కడా కూర్చోకుండా ఎక్కేశారు. బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటారు, అంతకు మించి ఏమీ లేదు. ఖాళీగా ఒక చోటు మిగిలిందని తెలిసిన దగ్గర్నుంచీ "నేనొస్తానమ్మా" అంటున్నారు. ఇక్కడి మిషన్ పీక్ కొండకి రెండు వారాలు వరసగా తీసుకెళ్ళాం, మా ఇద్దరికన్నా ముందు ఎక్కి పైన కూర్చున్నారు. అమ్మ మాత్రం ససేమిరా అంటోంది, "ఆ కొండ మీద ఏదైనా అయితే ఎవరు చూస్తారు" అని రోజూ గొడవ.

నేనైతే ఎటూ తేల్చుకోలేకపోతున్నా. ఆయన ముఖం చూస్తే వద్దని చెప్పబుద్ధి కావట్లేదు, రానూపోనూ 22 మైళ్ళు అనుకుంటే భయమేస్తోంది. ఎన్నింటికి బయల్దేరాలి, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, పై ఎత్తులో అంత వయసువాళ్ళకి ఎలా ఉంటుంది? ఎక్కినవాళ్ళు, ముఖ్యంగా పెద్దవాళ్ళని తీసుకెళ్ళినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

విట్నీ_మూడుసార్లు

మూడుసార్లు వెళ్ళాను, రెండుసార్లు శిఖరం దాకా, ఒకసారి మధ్యలో వెనక్కి. కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ముందు నాన్నగారి మెట్ల సంగతి. అలిపిరి మెట్లు ఆగకుండా ఎక్కారంటే కాళ్ళకీ గుండెకీ ఢోకా లేదని అర్థం, అది చిన్న విషయం కాదు. కానీ తిరుమల సముద్ర మట్టానికి సుమారు మూడు వేల అడుగులు. విట్నీ పోర్టల్‌లో మీరు కారు దిగే చోటే 8,360 అడుగులు. అక్కడి నుంచి శిఖరం 14,505. అంటే నడక మొదలయ్యే చోటే తిరుమలకి రెండున్నర రెట్లు పైన ఉంటారు, అక్కడి నుంచి ఇంకో ఆరు వేల అడుగులు ఎక్కాలి. అలవాటు లేని ఒళ్ళు ఆ ఎత్తుని ఎలా తట్టుకుంటుందో మిషన్ పీక్ చెప్పలేదు, అది 2,517 అడుగులు. పాతికేళ్ళ కుర్రాళ్ళు, మారథాన్లు పరిగెత్తేవాళ్ళు 12 వేల అడుగుల దగ్గర వాంతులు చేసుకుని కూలబడటం నేను కళ్ళారా చూశాను. పక్కనే పెద్దాయన ఒకరు మెల్లగా ఒక్కో అడుగూ వేసుకుంటూ పైకెళ్ళిపోయారు. వయసు చూసి చెప్పలేం, బలం చూసీ చెప్పలేం.

ఇక దారి. డే పర్మిట్ అర్ధరాత్రి పన్నెండు నుంచి మళ్ళీ అర్ధరాత్రి దాకా చెల్లుతుంది. నాన్నగారు ఉంటారు కాబట్టి ఒంటిగంటకల్లా నడక మొదలుపెట్టండి, రెండు కూడా ఆలస్యమే. హెడ్‌ల్యాంప్ మనిషికొకటి, బ్యాటరీలు కొత్తవి వేసి, ఇంకో సెట్టు జేబులో. మొదటి రెండు మైళ్ళు చీకట్లో పైన్ చెట్ల మధ్య మలుపులు మలుపులుగా వెళ్తుంది, సులువే, అందుకే అందరూ అక్కడ తొందరపడతారు. దయచేసి తొందరపడకండి. పక్కవాళ్ళతో మాట్లాడుతూ నడవగలిగేంత నెమ్మదిగా వెళ్ళాలి, మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టే. రెండున్నర మైళ్ళు దాటాక వాగు మీద దుంగలు పరిచిన చోటు వస్తుంది, తెల్లవారుజామున తడిగా ఉంటాయి, లైటు కాళ్ళ ముందు వేసుకుని ఒక్కొక్కరే దాటండి. అది దాటగానే లోన్ పైన్ లేక్‌కి దారి చీలుతుంది, 2.8 మైళ్ళు. అక్కడి నుంచే పర్మిట్ కావాల్సిన ప్రాంతం మొదలు.

తర్వాత అవుట్‌పోస్ట్ క్యాంప్, మిర్రర్ లేక్, ఆ పైన చెట్లు అయిపోతాయి, అంతా తెల్లటి గ్రానైట్ రాయి. ట్రైల్‌సైడ్ మెడో దగ్గరికి 11,400 అడుగులు. 6.2 మైళ్ళ దగ్గర ట్రైల్ క్యాంప్, 12,000 అడుగులు. మీ ప్లాన్ మొత్తానికీ అదే కీలకమైన చోటు. నీళ్ళు నింపుకోవడానికి నమ్మదగిన ఆఖరి చోటు కూడా అదే, తప్పకుండా ఫిల్టర్ చేసుకోండి, అక్కడ మనిషికి మూడు లీటర్లు నింపుకోకుండా పైకి కదలొద్దు.

అక్కడి నుంచి పేరుమోసిన మలుపులు. 99 అంటారు, 97 అని లెక్కపెట్టినవాళ్ళూ ఉన్నారు. రెండు మైళ్ళ పైచిలుకు దూరంలో 1,600 అడుగులు ఎక్కుతాం. మధ్యలో ఒకచోట దారి అంచున ఇనుప తీగల రెయిలింగ్ ఉంటుంది, జూన్‌లో అక్కడ మంచు గడ్డకట్టి ప్రమాదం, ఆగస్టులో మామూలుగా నీళ్ళు కారుతుంటాయి అంతే. పైన ట్రైల్ క్రెస్ట్, ఒక్కసారిగా కొండకి అవతలి వైపు సెకోయా నేషనల్ పార్క్ లోయలు, గిటార్ లేక్ కనిపిస్తాయి, కళ్ళు తిప్పుకోలేం. అయితే చాలామంది చెప్పని సంగతి ఒకటుంది. ట్రైల్ క్రెస్ట్ దాటాక దారి కిందికి దిగుతుంది, జాన్ మ్యూర్ ట్రైల్ అనే ఇంకో పెద్ద కాలిబాట కలిసే దాకా. వెళ్ళేటప్పుడు హాయిగా ఉంటుంది, తిరిగొచ్చేటప్పుడు ఒంట్లో శక్తంతా అయిపోయిన సమయంలో ఆ దిగిందంతా మళ్ళీ ఎక్కాలి. ఆ చిన్న ఎక్కుడు దగ్గర ఏడ్చినవాళ్ళని చూశాను. కాబట్టి ట్రైల్ క్రెస్ట్‌కి చేరగానే ఇంకేముంది రెండున్నర మైళ్ళే అనుకోకండి, ఆ రెండున్నర రెండు గంటలు పడుతుంది.

పిడుగులు. జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం మబ్బులు పట్టడం మామూలు. పైన రాతితో కట్టిన చిన్న ఇల్లు ఉంది, 1909లో స్మిత్సోనియన్ అనే అమెరికా సంస్థ వాళ్ళు పరిశోధనల కోసం కట్టించారు. ఉరుములు వస్తే అందులోకి దూరదామనిపిస్తుంది, దూరకండి. 1990లో అలా తలదాచుకున్నవాళ్ళ మీద పిడుగు పడి ఒకరు చనిపోయారు. నల్లమబ్బు కనిపిస్తే శిఖరం పది నిమిషాల దూరంలో ఉన్నా వెనక్కి తిరగాలి. మబ్బు లేకపోయినా సరే, మధ్యాహ్నం పన్నెండున్నరకి మీరు ఎక్కడుంటే అక్కడి నుంచి దిగడం మొదలుపెట్టాలి. ఆ టైము ముందురోజే ముగ్గురూ ఒప్పుకోండి. పైన గాలి పలచగా ఉన్నచోట కూర్చుని తీసుకునే నిర్ణయాలు మంచివి కావు.

ఇంకొకటి, అసలు ఇదే ముందు రాయాల్సింది: నాన్నగారు దిగాల్సి వస్తే ఆయనతో ఎవరు దిగుతారో ఇంట్లోనే తేల్చుకోండి. అక్కడ తేల్చుకోవద్దు.

రాత్రిడ్యూటీ

ఎమర్జెన్సీలో పనిచేసే డాక్టర్‌ని. మీ నాన్నగారిని నేను చూడలేదు కాబట్టి ఇది ఆయనకి రాసే ప్రిస్క్రిప్షన్ కాదు, ఆయన డాక్టర్‌ని అడగాల్సిన విషయాలు మాత్రమే.

శిఖరం మీద గాలిలో ఆక్సిజన్ శాతం కింద ఉన్నట్టే 21, మారేది గాలి పీడనం. అక్కడ సముద్ర మట్టంలో ఉన్నదాంట్లో 60 శాతమే ఉంటుంది, అంటే ప్రతి శ్వాసకీ అందే ఆక్సిజన్ అంత తగ్గుతుంది. దానికి ఒళ్ళు అలవాటు పడాలంటే రోజులు కావాలి, ఒక్కరోజు నడకలో ఆ రోజులు ఉండవు. అందుకని ముందే ఒకటి రెండు రాత్రులు ఎత్తులో పడుకోవడం అన్నిటికన్నా మంచి మందు. సన్నీవేల్ నుంచి ఎలాగూ టయోగా పాస్ అనే కనుమ మీదుగా 395 హైవేకి దిగుతారు కదా, రెండు రోజులు ముందు బయల్దేరండి. ఒక రాత్రి హార్స్‌షూ మెడోస్‌లో, అది దాదాపు పది వేల అడుగులు, మర్నాడు కాటన్‌వుడ్ పాస్ దాకా మెల్లగా నడిచొచ్చి రెండో రాత్రి విట్నీ పోర్టల్ క్యాంప్‌గ్రౌండ్‌లో. లోన్ పైన్ ఊళ్ళో హోటల్లో పడుకుంటే ఒళ్ళు హాయిగా ఉంటుంది కానీ ఆ ఊరు 3,700 అడుగులే, అలవాటు విషయంలో ఏ ఉపయోగమూ లేదు.

బీపీ మాత్ర ఏ రకమో చూడండి. నీరు ఎక్కువ పోయేలా చేసే రకమైతే, దాని మీద డయామాక్స్ (ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే మాత్ర) కూడా వేసుకుంటే ఒంట్లో నీరూ పొటాషియమూ బాగా తగ్గిపోవచ్చు. గుండె వేగాన్ని తగ్గించే రకమైతే ఎక్కుడులో త్వరగా అలసట వస్తుంది. డయామాక్స్ మామూలుగా పెద్దవాళ్ళకి 125 మిల్లీగ్రాములు పూటకొకటి చొప్పున రోజుకి రెండు, ఎక్కడానికి ముందురోజు మొదలుపెడతారు. సల్ఫా మందులు పడనివాళ్ళు డాక్టర్ ఊఁ అంటే తప్ప ముట్టుకోకూడదు. వేళ్ళు జివ్వుమనడం, మాటిమాటికీ యూరిన్‌కి వెళ్ళాల్సి రావడం మామూలే. మొదటిసారి కొండ మీద కాదు, ఇంట్లో ఒకరోజు వేసి చూడాలి. 62 ఏళ్ళు, బీపీ అంటున్నారు కాబట్టి నేనైతే ట్రెడ్‌మిల్ టెస్ట్ కూడా చేయించమంటాను. అది మామూలుగా వచ్చినంత మాత్రాన ఎత్తు పడుతుందని కాదు, గుండె భయం తగ్గుతుంది, అంతే.

కొండ మీద ఏం గమనించాలంటే, తలనొప్పి, దాంతో పాటు వికారం గానీ, తల తిరగడం గానీ, తిండి సహించకపోవడం గానీ ఉంటే అది ఎత్తు జబ్బే, వేరే కారణాలు వెతకొద్దు. మన నాన్నల తరం తలనొప్పి ఉందని పైకి చెప్పదు, మీకోసమని దాచేస్తారు. అడిగితే "ఏం లేదమ్మా" అంటారు. అందుకని అడగడం కన్నా చూడటం మేలు: తింటున్నారా, ఎప్పటిలా మాట్లాడుతున్నారా. ఒక గీత గీసి ఒక కాలి మడమకి రెండో కాలి వేళ్ళు ఆనించి పది అడుగులు వేయించండి, తూలుతున్నారంటే ఒక్క నిమిషం కూడా ఆగకుండా కిందికి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే అప్పుడూ అంతే. దిగడమే మందు, వెయ్యి రెండు వేల అడుగులు దిగితే చాలామందికి మనిషి మనిషవుతాడు.

నీళ్ళు తాగండి తాగండి అని ఊరికే లీటర్ల కొద్దీ ఉత్త నీళ్ళు కూడా తాగించొద్దు, ఉప్పు పడిపోతుంది. ఓఆర్ఎస్ గానీ, ఉప్పు వేసిన నిమ్మరసం గానీ సగం సగం కలిపి తాగాలి.

395_బాటసారి

డాక్టర్ గారు రాసిన తూలడం సంగతి చదివి ఇది రాయకుండా ఉండలేకపోయాను.

2021 జులైలో మేం ఆరుగురం వెళ్ళాం, అందులో మా బావ ఒకరు, 41 ఏళ్ళు, వారానికి నాలుగు రోజులు జిమ్‌కి వెళ్ళే మనిషి. ముందురోజు సాయంత్రం నేరుగా బే ఏరియా నుంచి డ్రైవ్ చేసుకుని వచ్చి, మూడు గంటలు కారులో పడుకుని, ఒంటిగంటకి నడక మొదలుపెట్టాం. ట్రైల్ క్రెస్ట్ దగ్గర ఆగినప్పుడు బావ బూటు లేసు ఊడింది, కట్టుకుందామని కూర్చున్నాడు. నేను చిక్కీ తింటూ చూస్తున్నా. ఆయన రెండు కొసలూ పట్టుకుని ముడి వేయబోతాడు, జారిపోతుంది, మళ్ళీ పట్టుకుంటాడు, కాసేపు వాటి వంక అలాగే చూస్తాడు. ఐదు నిమిషాలు. చేతులు చల్లబడ్డాయేమో అనుకున్నాను. నేనే వంగి కట్టాను. చేతులు వెచ్చగానే ఉన్నాయి.

అప్పుడే తెలియాలి నాకు. "మీరెళ్ళి రండి, నేనిక్కడే కూర్చుంటా" అన్నాడు. గ్రూపులో అందరూ సరే అన్నారు, నేనూ సరే అన్నాను. ఒక నీళ్ళ సీసా, జాకెట్టు ఇచ్చి వదిలేసి వెళ్ళాం. నాలుగున్నర గంటల తర్వాత తిరిగొస్తే ఆ రాయి దగ్గర ఆయన లేడు. ఆ మలుపులు ఎలా దిగానో నాకు గుర్తు లేదు, ప్రతి మలుపు దగ్గరా అంచు మీంచి కిందికి చూడటమే గుర్తు. ట్రైల్ క్యాంప్‌లో దొరికాడు. ఎవరో ఇద్దరు, భార్యాభర్తలు, శిఖరం మానుకుని ఆయన్ని చెరోవైపు పట్టుకుని దించి, వేడి నీళ్ళు తాగించి, మేం వచ్చేదాకా పక్కనే కూర్చున్నారు. అప్పటికి మామూలుగా మాట్లాడుతున్నాడు. పైన లేసు కట్టింది నేనే అన్న సంగతి ఆయనకి అసలు గుర్తే లేదు.

అక్క ఆ విషయం ఇప్పటికీ నాతో ఎత్తదు. ఎత్తి తిట్టినా బాగుండేది.

నాన్నని తీసుకెళ్ళొద్దని నేను అనను. ఆయన ఆగితే మీలో ఒకరు ఆగాలి, ఆయన దిగితే మీలో ఒకరు దిగాలి. అది ఒప్పుకోలేకపోతే మాత్రం తీసుకెళ్ళకండి.

కొండలంటే_ఇష్టం

అందరూ భయపెట్టేస్తున్నారు కాబట్టి ఇంకో వైపు కూడా చెప్తాను. హల్డా క్రూక్స్ అని ఒకావిడ, విట్నీ మొదటిసారి ఎక్కింది 66వ ఏట. అక్కడి నుంచి 91 ఏళ్ళ వయసుకి 23 సార్లు ఎక్కింది. విట్నీ పక్కనే ఉన్న ఒక శిఖరానికి ఆవిడ పేరు పెట్టారు, క్రూక్స్ పీక్. కాబట్టి 62 అనేది కొండకి అడ్డం కాదు. మా అమ్మ 58వ ఏట నాతో మౌంట్ లాంగ్లీ ఎక్కింది, 14,032 అడుగులు, అదీ ఇంచుమించు అంతే దూరం, డే హైక్‌కి లాటరీ గొడవ లేదు. కాకపోతే దానికి ముందు రెండు నెలలు ప్రతి శనివారం ఏదో ఒక ఎత్తు మీద ఉండేవాళ్ళం, చివర్లో వైట్ మౌంటెన్ అనే ఇంకో శిఖరానికి కూడా వెళ్ళాం. దారి విశాలంగా జీపు రోడ్డులా ఉంటుంది, 14 వేలు దాటుతుంది, తేడా వస్తే తిరిగి రావడం తేలిక. మీకు ఇంకా నెల ఉంది కదా, నాన్నగారిని ముందు దాని మీద పరీక్షించి చూడండి. అక్కడ తలనొప్పి వస్తే విట్నీకి తొందరపడొద్దు, రాకపోతే ధైర్యంగా బయల్దేరండి.

ఆడవాళ్ళ కోసం ఒక్క మాట, దారిలో టాయిలెట్లు ఉండవు, పోర్టల్‌లో ఉన్నవే. పైన దొడ్డికి వెళ్తే వ్యాగ్ బ్యాగ్‌లో, అంటే దానికోసమే ఉండే సంచిలో, వేసుకుని కిందికి మోసుకు రావాల్సిందే, అది రూలు. చాలామంది రాళ్ళ కింద పారేసి పోతుంటారు, చూస్తే కడుపు మండుతుంది. తలా ఒకటి కాదు, రెండేసి పెట్టుకోండి.

లేక్_దాకా

ఒక చిన్న విషయం. ఏ కారణంతోనైనా వద్దనుకుంటే లోన్ పైన్ లేక్ దాకా నడకకి పర్మిట్ అక్కర్లేదు. పది వేల అడుగుల ఎత్తు, మంచి నీలం రంగు చెరువు, అమ్మగారు కూడా రావచ్చు.

ఇంకా కారులో తిండి వాసన వచ్చేది ఏదీ వదలొద్దు, ఎలుగుబంట్లు తలుపులు చీల్చేస్తాయి, అక్కడ ఇనుప పెట్టెలు ఉంటాయి, పచ్చడి సీసాలు, సబ్బు, పేస్టుతో సహా అన్నీ వాటిలో పెట్టాలి. పైన మార్మట్లు (పెద్ద ఉడతల్లాంటి జంతువులు) బ్యాగులు కొరికేస్తాయి, కింద పెట్టి ఫోటోలకి వెళ్ళొద్దు.

ఒంగోలు_టు_సన్నీవేల్

అందరికీ చాలా చాలా థాంక్స్. నిన్న రాత్రి డిన్నర్ దగ్గర ఈ రిప్లైలన్నీ నాన్నకి, అమ్మకి చదివి వినిపించా. బావగారి లేసు సంగతి విన్నాక ఇంట్లో ఎవరూ చాలాసేపు మాట్లాడలేదు. నాన్న డాక్టర్ దగ్గరికి రావడానికి ఒప్పుకున్నారు. ఆయన వెనక్కి తిరిగితే తను దిగుతానని మావారే ముందు అన్నారు, నేను అడగలేదు. మూడేళ్ళు ఎదురుచూసింది ఆయనే కదా, నేను దిగుతానంటే వద్దన్నారు. వెళ్ళొచ్చాక ఇక్కడే రాస్తాను.

ఒంగోలు_టు_సన్నీవేల్ (ఐదు వారాల తర్వాత)

వెళ్ళొచ్చాం. మాటిచ్చాను కాబట్టి రాస్తున్నా, కాస్త పెద్దదైతే ఏమీ అనుకోకండి.

ట్రెడ్‌మిల్ టెస్ట్ బాగానే వచ్చింది. బీపీ మాత్ర కూడా నీరు పోయే రకం కాదట, డాక్టర్ డయామాక్స్ రాశారు. వైట్ మౌంటెన్‌కి కుదరలేదు, ఒక వారాంతం టయోగా పాస్ దగ్గర గడిపి వచ్చాం, పదకొండు వేల దాకా నాన్నకి ఏమీ కాలేదు. అప్పుడు ధైర్యం వచ్చింది. హార్స్‌షూ మెడోస్‌లో ఒక రాత్రి, పోర్టల్‌లో ఒక రాత్రి, చెప్పినట్టే చేశాం. అమ్మ కూడా మాతో వచ్చింది, నడక రోజు లోన్ పైన్‌లో హోటల్లో ఉంది.

ఒంటిగంటా పదిహేనుకి మొదలుపెట్టాం. నాన్న ముందు, నేను మధ్యలో, మావారు వెనక. నాన్న వేగమే అందరి వేగం అనుకున్నాం. వాగు మీద దుంగలు దాటుతుంటే కింద నీళ్ళు కనబడవు, చప్పుడే వినిపిస్తుంది, నాన్న ఒక్కో దుంగ మీద పోల్ ఆనించి చూసుకుని మరీ దాటారు. చీకట్లో పైన, చాలా పైన, చిన్న చిన్న లైట్లు కదులుతూ కనిపించాయి. నక్షత్రాలేమో అనుకున్నాను, మనకంటే ముందు బయల్దేరినవాళ్ళ హెడ్‌ల్యాంపులు. "శివరాత్రికి కోటప్పకొండ ఎక్కేవాళ్ళ దీపాల్లా ఉన్నాయి" అన్నారు నాన్న.

ట్రైల్‌సైడ్ మెడో దగ్గర తెల్లారింది. ఎదురుగా రాతి గోడంతా ముందు గులాబీ రంగు, తర్వాత నారింజ రంగు, రెండు మూడు నిమిషాల్లో మామూలు తెలుపు. అక్కడ కూర్చుని పులిహోర డబ్బాలు తీశాం, అమ్మ ముందురోజు సాయంత్రం ఎలక్ట్రిక్ కుక్కర్‌తో హోటల్ గదిలో చేసిచ్చింది. మేమిద్దరం తిన్నాం. నాన్న మూత తీసి, ఒక్క ముద్ద తీసుకుని, "చలికి గడ్డకట్టినట్టుంది, తర్వాత తింటాలే" అని మూత పెట్టేశారు. చలి నిజమే, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, నేను కూడా అదే అనుకున్నాను. కానీ "అడగడం కన్నా చూడటం మేలు" అన్న మాట బుర్రలో ఉండిపోయింది.

ట్రైల్ క్యాంప్‌కి 7:45కి చేరాం. ఎండ వచ్చింది, వెచ్చబడింది. మావారు నీళ్ళు ఫిల్టర్ చేస్తున్నారు. "ఇప్పుడు తిను నాన్నా" అని డబ్బా తీసి చేతికిచ్చాను. డబ్బా పట్టుకుని అలా కూర్చున్నారు. వేరుశెనగ గింజ ఒకటి వేలితో పక్కకి జరిపారు, ఇంకొకటి జరిపారు. ఇంట్లో పులిహోరలో పల్లీలు ఏరుకుని ముందు తినే మనిషి. "తల నొప్పిగా ఉందా" అంటే "కొంచెం పట్టేసినట్టుంది, బరువు మోశాం కదా" అన్నారు. గీత మీద నడిపించాం, తూలలేదు, తిన్నగానే నడిచారు. అరగంట చూద్దాం అని మావారన్నారు. ఆ అరగంట కూడా పట్టలేదు. నాన్నే డబ్బా మూత పెట్టి, "అమ్మా, నొప్పి గుడ్డి మైదానం దగ్గర్నుంచే ఉంది. నేను ఇక్కడి నుంచి దిగిపోతాను. నువ్వు పోయిరా" అన్నారు. ట్రైల్‌సైడ్ మెడోని ఆయన గడ్డి మైదానం అంటున్నారు, అది కాస్తా "గుడ్డి మైదానం" అయింది నోట్లో. ఆ మాట తడబాటు విని మావారు అప్పటికప్పుడు బ్యాగు తగిలించేసుకున్నారు. నేనూ దిగుతానన్నాను. ఇద్దరూ ఒప్పుకోలేదు, అనుకున్నది అనుకున్నట్టు చేయాలన్నారు. పక్కనే శాక్రమెంటో నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు, అక్కాచెల్లెళ్ళు, బయల్దేరుతుంటే వాళ్ళతో కలిశాను. శాటిలైట్ మెసేజ్ పంపే చిన్న పరికరం అద్దెకి తెచ్చుకున్నాం, దాన్ని మావారి దగ్గర ఉంచి, వాళ్ళు కిందికి చేరాక ఆ అక్కాచెల్లెళ్ళ పరికరానికి కబురు పెట్టేలా మాట్లాడుకున్నాం.

ఆ మలుపులన్నీ నేను లెక్కపెట్టలేదు. ప్రతి మలుపు దగ్గరా కిందికి చూశాను, రెండు చుక్కలు ట్రైల్ క్యాంప్ దాటి రాళ్ళ వెనక్కి పోయేదాకా. ట్రైల్ క్రెస్ట్‌కి పదింపావు. అవతలి లోయ చూసినప్పుడు మొదట నాన్నకి చూపించాలనిపించింది. శిఖరం మీదికి 12:15కి చేరాను, పన్నెండున్నర గడువుకి పదిహేను నిమిషాల ముందు. రాతి ఇంటి గుమ్మం దగ్గరున్న పుస్తకంలో ముగ్గురి పేర్లూ రాశాను, వాళ్ళిద్దరి పేర్ల పక్కన "12,000 అడుగుల దాకా" అని రాశాను. మబ్బు లేదు, అయినా పన్నెండున్నరకి లేచేశాం. తిరుగుదారిలో ఆ ఎక్కుడు గురించి మీరు రాసింది అక్షరాలా నిజం, నాకూ కళ్ళలో నీళ్ళొచ్చాయి, ఆ అక్కాచెల్లెళ్ళే మాటల్లో పెట్టి ఎక్కించారు. అక్కడే, ట్రైల్ క్రెస్ట్ మీద ఉండగానే మావారి మెసేజ్ వచ్చింది: అవుట్‌పోస్ట్ క్యాంప్‌కి వచ్చేసరికే తలనొప్పి తగ్గిపోయింది, ఒంటిగంటకల్లా పోర్టల్ చేరాం, స్టోర్‌లో ఫ్రెంచ్ ఫ్రైస్ తింటున్నారు.

నేను దిగేసరికి సాయంత్రం 7:10. నాన్న రోడ్డు మొదట్లో రాయి మీద కూర్చుని ఉన్నారు, పొద్దుటి జాకెట్టుతోనే. మావారి గురించి ఏం రాయాలో తెలియట్లేదు. వచ్చే ఫిబ్రవరిలో లాటరీకి ఆయన పేరు నేనే వేస్తాను, ఈసారి దిగాల్సి వస్తే దిగేది నేను.

లోన్ పైన్ వచ్చి హోటల్ గది తలుపు తీయగానే అమ్మ శిఖరం గురించి ఏమీ అడగలేదు. నాన్న బ్యాగులోంచి డబ్బా తీసి మూత తెరిచి చూసింది, పులిహోర అలాగే ఉంది. "నిజం చెప్పండి, ఎక్కడి నుంచి నొప్పి?" అని ఆయన్నే అడిగింది. నాన్న ఈసారి దాచకుండా చెప్పారు.

395_బాటసారి

మీవారికి నా నమస్కారం చెప్పండి. ఈ థ్రెడ్ ఇప్పుడే అక్కకి పంపించాను.